నడుముకు పిస్తోలు, నెత్తిన చట్టం

ఫ్లోరిడాలో చదువుకోవడానికి యు.ఏ.ఈ. నుంచి వచ్చిన ఓ కుర్రాడికి మార్కులు రాలేదు. యూనివర్సిటీ పంపించేసింది. ఇక నీ వీసా హోదా చెల్లదని రాతపూర్వకంగా చెప్పింది కూడా. అతను తిరిగి వెళ్లలేదు. హోటల్లో ఉంటూ ఒకరోజు షూటింగ్ రేంజ్‌కి వెళ్లి రెండు తుపాకులు కాల్చాడు. ఎవరినీ బెదిరించలేదు, ఎవరికీ గీత పడలేదు. అయినా పద్దెనిమిది నెలల జైలుశిక్ష పడింది. అక్రమంగా దేశంలో ఉంటున్న విదేశీయుడు కాసేపు తుపాకీ చేతిలో పట్టుకోవడమే నేరం. రెహైఫ్ అనే ఆ కుర్రాడి కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తన హోదా పోయిందని నిందితుడికి తెలుసని కూడా ప్రభుత్వం రుజువు చేయాల్సిందేనని 2019లో తీర్పు వచ్చింది. అంతే తప్ప ఆ చట్టాన్ని కోర్టు కొట్టేయలేదు.

అమెరికాలో పిస్తోలు దగ్గర పెట్టుకోవాలా వద్దా అన్న చర్చ మనవాళ్లలో ఎప్పుడు మొదలైనా దోపిడీ దొంగతోనే మొదలవుతుంది. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రంలోని ఒలేథాలో హైదరాబాద్ నుంచి వెళ్లిన ఇంజినీరును బార్‌లో కాల్చి చంపినప్పుడు ఈ చర్చ నడిచింది. మరుసటి ఏడాది కాన్సస్ సిటీ రెస్టారెంట్‌లో వరంగల్ విద్యార్థి బలైనప్పుడూ నడిచింది. గ్యాస్ స్టేషన్ కౌంటర్ దగ్గర ఎవరో ఒకరు పోయారన్న వార్త వచ్చిన ప్రతిసారీ నడుస్తూనే ఉంది. భయం నిజమే, దాన్ని తేలిక చేయడం తగదు. కానీ నడుముకు పిస్తోలు కట్టుకున్నవాడికి దొంగ ఎదురయ్యే రోజు జీవితంలో రాకపోవచ్చు. రాష్ట్రం సరిహద్దు, ఎయిర్‌పోర్టు, పార్కింగ్ స్థలం, బాత్‌రూమ్, ఇంట్లో చిన్నపిల్లవాడు మాత్రం రోజూ ఎదురవుతారు. చట్టం ముళ్లు ఎక్కువగా ఉన్నది అక్కడే.

మొదటి ముల్లు వీసా. నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ప్రవేశించిన వాళ్లు తుపాకీ గానీ తూటా గానీ కలిగి ఉండకూడదని ఫెడరల్ చట్టం చెబుతోంది. విద్యార్థి ఎఫ్-1, ఉద్యోగి హెచ్-1బి, జీవిత భాగస్వామి హెచ్-4, మనవడిని చూడ్డానికి వచ్చిన అమ్మమ్మ బి-2, అందరూ ఆ గీతకు ఇవతలే. గ్రీన్‌కార్డు వరసలో పదిహేనేళ్లుగా నిలబడి, ఇల్లు కొనుక్కుని, పన్నులు కడుతూ, పిల్లల్ని అక్కడే కని పెంచుతున్న హెచ్-1బి వాళ్లు మనలో వేలమంది ఉన్నారు. ఈ చట్టం ముందు వాళ్లదీ నిన్న విమానం దిగిన విద్యార్థిదీ ఒకటే హోదా. గ్రీన్‌కార్డు చేతికొచ్చాక ఫెడరల్ చట్టం పౌరులతో దాదాపు సమానంగా చూస్తుంది. అప్పటిదాకా కాదు.

ఒక మినహాయింపు ఉంది. ఏదైనా అమెరికా రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే ఈ నిషేధం వర్తించదు. మన విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో బాగా తిరిగే చిట్కా ఇదే. ఆన్‌లైన్లో వేట లైసెన్సు తీసుకో, తుపాకీ కొనుక్కో అంటారు. కాగితం మీద అది నిజమే. కానీ ఆ లైసెన్సు గడువు తీరిన రోజునుంచి ఇంట్లో ఉన్న తుపాకీ నేరమవుతుంది. ఉద్యోగం పోయి, అరవై రోజుల గడువు దాటి, హోదా జారిపోతే వేట లైసెన్సు కూడా కాపాడదు, ఎందుకంటే ఆ మినహాయింపు సక్రమంగా ఉంటున్న వాళ్లకే. లేఆఫ్‌ల కాలంలో ఇది ఊహాగానం కాదు. చట్టం సంగతి అలా ఉంచినా, 2024 నవంబరులో అట్లాంటాలో తెలంగాణ విద్యార్థి ఒకడు పుట్టినరోజు నాడే తన వేట తుపాకీ శుభ్రం చేస్తుండగా అది పేలి ప్రాణం పోగొట్టుకున్నాడు. లైసెన్సు వచ్చినంత మాత్రాన తుపాకీని పట్టుకోవడం వచ్చినట్టు కాదు.

ఇక స్నేహం. "నీకు సిటిజన్‌షిప్ ఉంది కదా అన్నా, నీ పేరు మీద ఒకటి కొనిపెట్టు" అని అడిగేవాళ్లూ ఉంటారు, మొహమాటానికి తల ఊపేవాళ్లూ ఉంటారు. కొనడానికి అర్హత లేనివాడి కోసం ఇంకొకరు కొనడం 2022 చట్టం తర్వాత విడిగా ఒక ఫెడరల్ నేరం, పదిహేనేళ్ల దాకా జైలు. గ్యాస్ స్టేషన్ సంగతి ఇంకా సున్నితం. యజమాని కౌంటర్ కింద పిస్తోలు పెట్టి, "అవసరమైతే తియ్యి" అని చెప్పి వెళ్తాడు. రాత్రి షిఫ్టులో ఉన్నది ఎఫ్-1 కుర్రాడు. తుపాకీ తనది కాకపోయినా, కావాలన్నప్పుడు వాడుకునేలా అందుబాటులో ఉంచుకుంటే అది స్వాధీనంలో ఉన్నట్టేనని ప్రాసిక్యూటర్ వాదించగలడు. ఆ దుకాణంలో పని చేయడానికే అనుమతి లేనివాడైతే కథ ఇంకా చెడుతుంది. తుపాకీ నేరంలో శిక్ష పడితే గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లనైనా దేశం నుంచి పంపించడానికి ఇమిగ్రేషన్ చట్టంలో ప్రత్యేకంగా ఒక నిబంధనే ఉంది. పౌరుడికి ఆర్నెల్ల శిక్షతో పోయే తప్పు మనవాడికి జీవితకాలపు బహిష్కారం కావచ్చు.

వీసా గండం దాటినవాళ్లకు రెండో ముల్లు రాష్ట్రాలు. సుప్రీంకోర్టు 2008 హెల్లర్ తీర్పు ఇంట్లో ఆత్మరక్షణకు పిస్తోలు ఉంచుకోవడం వ్యక్తిగత హక్కు అంది. 2022 బ్రూయెన్ తీర్పు ఆ హక్కును వీధిలోకి తెచ్చింది. న్యూయార్క్‌లో 1911 నాటి సలివన్ చట్టం కింద, పిస్తోలు వెంట పెట్టుకోవాలంటే ప్రత్యేక కారణం చూపించాల్సి వచ్చేది. ఆ షరతును సుప్రీంకోర్టు కొట్టేసింది. దాంతో దేశమంతా ఒకే తీరు అయిందనుకుంటే పొరపాటు. టెక్సస్ 2021లో, జార్జియా 2022లో, ఫ్లోరిడా 2023లో అసలు పర్మిటే అక్కర్లేదన్నాయి. ఇప్పుడు ఇలాంటి రాష్ట్రాలు ఇరవై తొమ్మిది. న్యూయార్క్ మాత్రం బ్రూయెన్ తీర్పు వచ్చిన కొద్ది నెలల్లోనే పదహారు గంటల క్లాసు, రెండు గంటల కాల్పుల శిక్షణ తప్పనిసరి చేసింది. సబ్‌వే, టైమ్స్ స్క్వేర్ లాంటి చోట్లను నిషిద్ధ ప్రాంతాలుగా ప్రకటించింది. డ్రైవింగ్ లైసెన్సు యాభై రాష్ట్రాల్లో చెల్లుతుంది, తుపాకీ పర్మిట్ అలా చెల్లదు. అలా చెల్లేలా చేసే బిల్లు 2017లో ప్రతినిధుల సభలో గట్టెక్కినా సెనేట్‌లో ఆగిపోయింది.

దీని పర్యవసానం ఎలా ఉంటుందో చూడండి. 2013లో ఫిలడెల్ఫియాకు చెందిన ఇద్దరు బిడ్డల తల్లి డెలావేర్ నది దాటి న్యూజెర్సీలోకి వచ్చింది. ట్రాఫిక్ పోలీసు ఆపాడు. అడక్కముందే ఆమె తన దగ్గర పిస్తోలుందని, పెన్సిల్వేనియా లైసెన్సు ఉందని చెప్పింది. న్యూజెర్సీ ఏ ఇతర రాష్ట్ర పర్మిట్‌నూ గుర్తించదు. అక్కడి గ్రేవ్స్ చట్టం ప్రకారం పర్మిట్ లేకుండా పిస్తోలు వెంట ఉంచుకుంటే కనీసం నలభై రెండు నెలలు జైల్లో ఉండాల్సిందే. నేర చరిత్ర లేని ఆ తల్లి వారాల తరబడి జైల్లో ఉంది. చివరికి 2015లో గవర్నర్ క్షమాభిక్ష పెట్టాడు. నిజం చెప్పినందుకే కేసు పడిందని ఎవరైనా వాదించవచ్చు. నాకైతే అసలు తప్పు వంతెన దాటక ముందే జరిగిందనిపిస్తుంది. పెన్సిల్వేనియాలో ఉంటూ, శనివారం బ్రిడ్జ్‌వాటర్ వెంకటేశ్వరస్వామి గుడికి కారేసుకుని వచ్చే మనవాడి నడుముకు పిస్తోలుంటే, లైసెన్సు జేబులోనే ఉన్నా, అతని పరిస్థితీ అంతే.

ఒక రాష్ట్రం గుండా ఇంకో రాష్ట్రానికి వెళ్లేవాళ్ల కోసం 1986 ఫెడరల్ చట్టం ఒక రక్షణ ఇచ్చింది. బయలుదేరిన చోటా చేరే చోటా తుపాకీ చట్టబద్ధం కావాలి. దాన్ని ఖాళీ చేసి, తూటాలతో సహా చేతికందని చోట, అంటే డిక్కీలో పెట్టాలి. డిక్కీ లేని బండైతే తాళం వేసిన పెట్టెలో ఉంచాలి. డ్యాష్‌బోర్డు అర ఆ లెక్కలోకి రాదు. అయితే ఈ రక్షణ ఎంత పలుచనో ఒక యూటా నివాసికి 2005లో తెలిసొచ్చింది. పెన్సిల్వేనియా వెళ్తూ న్యూజెర్సీలోని న్యూఆర్క్‌లో విమానం అందుకోలేకపోయాడు. సామాను చేతికిచ్చారు, రాత్రి హోటల్లో పడుకున్నాడు. పొద్దున కౌంటర్ దగ్గర నియమం ప్రకారం తుపాకీ ఉందని ప్రకటించగానే అరెస్టు. ఆరోపణలు తర్వాత వీగిపోయాయి గానీ, రాత్రంతా పెట్టె అతని చేతికందేలా ఉంది కాబట్టి ఆ రక్షణ వర్తించదని, అతను వేసిన దావాలో 2010లో అప్పీలు కోర్టు తేల్చింది. విమానం ఆలస్యం కావడం మన చేతుల్లో లేదు కదా అంటే, లేదు. చట్టానికి ఆ బాధ పట్టలేదు.

విమానాశ్రయాల్లో మాత్రం తప్పు ఎక్కువగా మనిషిదే. 2023లో అమెరికా ఎయిర్‌పోర్టు చెక్‌పాయింట్లలో పట్టుబడిన తుపాకులు 6,737. వాటిలో 93 శాతం తూటాలు నింపి ఉన్నవే. అట్లాంటా ఒక్కచోటే 451.  "బ్యాగులో ఉన్న సంగతే మర్చిపోయాను" అన్నదే దొరికినవాళ్లలో చాలామంది మాట. ఆ ఏడాది జరిమానా దాదాపు పదిహేను వేల డాలర్ల దాకా ఉండేది, రాష్ట్రం పెట్టే కేసు వేరు. వెంట తుపాకీ ఉందన్న సంగతే మర్చిపోయే మనిషి దాన్ని వెంట పెట్టుకోవడానికి తగడు.

ఒకే రాష్ట్రంలో తిరుగుతున్నా బోర్డులు చదవడం రావాలి. టెక్సస్‌లో షాపుల గుమ్మాల మీద 30.05, 30.06, 30.07 అన్న అంకెలతో ఇంగ్లీషు, స్పానిష్ రెండింటిలోనూ పెద్దక్షరాల బోర్డులుంటాయి. ఒకటి పర్మిట్ లేనివాళ్లకు, ఒకటి పర్మిట్ ఉండి దాచుకుని వచ్చేవాళ్లకు, మూడోది బయటికి కనిపించేలా కట్టుకొచ్చేవాళ్లకు. ఎర్రగా 51 అని ఉంటే అది ప్రధానంగా మద్యం మీద నడిచే చోటు, అక్కడ అసలు కుదరదు. గుళ్ల విషయం ఇంకా తమాషా. టెక్సస్‌లో గుడి యాజమాన్యం వద్దని చెప్పకపోతే తేవచ్చు. జార్జియాలో యాజమాన్యం సరేనంటేనే తేవచ్చు. డల్లాస్‌లో అలవాటైన మనిషి అట్లాంటాలో బంధువుల ఇంటికొచ్చి, వాళ్లతో కలిసి గుడికెళ్తే తెలియకుండానే తప్పు చేస్తాడు.

పర్మిట్ అక్కర్లేని రాష్ట్రంలో కూడా పర్మిట్ తీసుకోమని అనుభవజ్ఞులు చెప్పడానికి బలమైన కారణం బడులు. ఏ స్కూలుకైనా వెయ్యి అడుగుల లోపు తుపాకీతో ఉండటం ఫెడరల్ నేరం. ఆ స్కూలు ఉన్న రాష్ట్రమే ఇచ్చిన పర్మిట్ ఉన్నవాళ్లకు మినహాయింపు. పర్మిట్ అడగని రాష్ట్రంలో పర్మిట్ లేకుండా తిరిగేవాడికి ఆ మినహాయింపు దొరకదు. మనవాళ్లుండే శివారు కాలనీల్లో స్కూలు దగ్గరగా వెళ్లని రోడ్డే ఉండదు. ఈ సెక్షన్ కింద ఊరకే కేసులు పెట్టడం అరుదే, కానీ ఇంకేదో గొడవలో ఇరుక్కున్నప్పుడు అదనంగా చేర్చడానికి ప్రాసిక్యూటర్ చేతిలో సిద్ధంగా ఉంటుంది.

పోలీసు ఆపినప్పుడు తుపాకీ ఉందని ముందే చెప్పాలా అన్నది కూడా రాష్ట్రాన్ని బట్టే. మిచిగన్‌లో వెంటనే చెప్పాలి, ఒహాయోలో ఇప్పుడు అడిగితే చెబితే చాలు. చెప్పినా ప్రమాదం తప్పుతుందన్న హామీ లేదు. 2016లో మినెసోటాలో పర్మిట్ ఉన్న ఫిలాండో కాస్టిల్ మర్యాదగానే చెప్పాడు, క్షణాల్లో పోలీసు తూటాలకు బలయ్యాడు. ఆ పోలీసు నిర్దోషిగా బయటపడ్డాడు. చేతులు స్టీరింగ్ మీదే ఉంచి, కాగితాలకు గానీ తుపాకీకి గానీ చెప్పకుండా చెయ్యి చాచకపోవడం ఒక్కటే ఈ విషయంలో అందరూ ఒప్పుకునే సలహా.

ఇక కాల్చాల్సి వస్తే? ఇక్కడ సినిమా చూసి నేర్చుకున్న చట్టం పనికిరాదు. ప్రాణాంతక బలం వాడాలంటే ప్రాణానికో తీవ్ర గాయానికో ముప్పు అప్పటికప్పుడే ఉండాలి, గొడవ మనం మొదలెట్టి ఉండకూడదు, ఎదుటివాడి దాడికి మన జవాబు తూగాలి. న్యూయార్క్, న్యూజెర్సీ లాంటి చోట్ల, ఇంటి బయట, క్షేమంగా తప్పుకునే దారి ఉంటే తప్పుకోవాలి. ఫ్లోరిడా 2005లో ఆ షరతు తీసేసింది. అయితే తీసేసిన చోటే 2018లో ఏం జరిగిందో చూడాలి. క్లియర్‌వాటర్‌లో వికలాంగుల పార్కింగ్ జాగాలో కారు పెట్టారని ఒకాయన ఓ మహిళతో వాదన పెట్టుకున్నాడు. ఆమె వెంట ఉన్నవాడు వచ్చి తోస్తే కింద పడ్డాడు. పడ్డవాడు పిస్తోలు తీశాడు. ఎదుటివాడు వెనక్కి అడుగేస్తుండగా కాల్చి చంపాడు. పోలీసులు మొదట అరెస్టే చేయలేదు. దుకాణం కెమెరాలో ఆ వెనకడుగు స్పష్టంగా కనిపించింది. మరుసటి ఏడాది జ్యూరీ దోషి అంది, ఇరవై ఏళ్ల శిక్ష పడింది. నిర్దోషిగా తేలినవాళ్లకైనా లాయరు ఖర్చు ఇల్లు అమ్ముకునేంత అవుతుంది. అందుకే ఆత్మరక్షణ బీమాలు పుట్టుకొచ్చాయి. వాటి షరతులు కొనేముందు చదవాలి, న్యూయార్క్ అయితే అలాంటి ఒక పథకం మీద 2018 నుంచే చర్యలకు దిగింది.

ఇవన్నీ తెలిసీ, అర్హత ఉండీ, పెట్టుకోవాలనే నిర్ణయించుకున్నవాళ్లకు పిస్తోలు మోడల్ కన్నా ముఖ్యమైనది హోల్‌స్టర్. చవకైన మెత్తటి బట్ట సంచి కాకుండా ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే గట్టిది కావాలి. ఇప్పటి చిన్న పిస్తోళ్లలో చాలావాటికి బయట సేఫ్టీ మీట ఉండదు. చొక్కా కొసో, జాకెట్ తాడో ట్రిగ్గర్‌లో చిక్కుకుంటే చాలు. పిస్తోలును తిరిగి హోల్‌స్టర్‌లో పెట్టే క్షణంలోనే తొడలోకి కాల్చుకున్నవాళ్లున్నారు. అందుకే పొట్ట ముందు పెట్టుకునే పద్ధతి వేగంగా తీయడానికి వీలైనా, కొత్తవాళ్లకు నేను చెప్పను. కుడి నడుము పక్కన పెట్టుకోవడం మేలు. చాంబర్‌లో తూటా ఉంచాలా వద్దా అన్న వాదన తెగదు. ఉంచకపోతే అవసరానికి రెండు చేతులూ కావాలి, ఉంచితే హోల్‌స్టర్ మీదే ప్రాణం పెట్టాలి.

హ్యాండ్‌బ్యాగులో పెట్టుకోవడం మాత్రం నిస్సందేహంగా చెడ్డ పద్ధతి. చీర, చుడీదార్ వేసుకునే మన ఆడవాళ్లకు నడుము హోల్‌స్టర్ కుదరదు కాబట్టి దుకాణదారు బ్యాగే చూపిస్తాడు. 2014 డిసెంబరులో ఐడహోలోని హేడెన్ వాల్‌మార్ట్‌లో ఒక అణు శాస్త్రవేత్త షాపింగ్ ట్రాలీలో రెండేళ్ల కొడుకును కూర్చోబెట్టి, పక్కన బ్యాగు పెట్టింది. పిస్తోలు కోసమే ప్రత్యేకంగా జిప్పు అర ఉన్న బ్యాగు అది. పిల్లవాడు జిప్పు తీశాడు, తూటా తల్లికి తగిలింది, ఆమె అక్కడే చనిపోయింది. ఆమెకు పర్మిట్ ఉంది, తుపాకులు కొత్త కాదు. ఇండియా నుంచి వచ్చిన నానమ్మ మనవడికి చాక్లెట్ కోసం కోడలి బ్యాగులో చెయ్యి పెట్టే ఇళ్లు మనవి.

కారులో వదిలేయడం ఇంకో అలవాటు. బోర్డు ఉన్న షాపుకో ఆఫీసుకో వెళ్లినప్పుడు సీటు కింద తోసేస్తారు. కారు అద్దం పగలగొట్టడం దొంగకు పది సెకన్ల పని, ఆ పిస్తోలు రేపు ఎవరి మీద పేలుతుందో తెలియదు. బండి చట్రానికి ఇనుప తీగతో కట్టిన చిన్న లాక్ పెట్టె ఎక్కువ ఖరీదేం కాదు. బాత్‌రూమ్‌లో మాత్రం తీసి పక్కన పెట్టకూడదు. పక్కన పెట్టినది అక్కడే మిగిలిపోతుంది. న్యూజెర్సీ వాళ్లకు ఇంకో లెక్కుంది. పది తూటాలకు మించిన మ్యాగజైన్ కుదరదు, బోలు మొన తూటాలు వెంట పెట్టుకోవడం మీదా ఆంక్షలున్నాయి. టెక్సస్ నుంచి ఉద్యోగం మారి ఎడిసన్ వచ్చేవాళ్లు సామాను లారీ ఎక్కించే ముందే ఇవి చూసుకోవాలి.

ఇంతకీ పెట్టుకుంటే మనిషికి మేలు జరుగుతుందా? పరిశోధకులు మూడు దశాబ్దాలుగా కొట్టుకుంటున్నారు. ఏడాదికి పాతిక లక్షల సార్లు తుపాకీతో ఆత్మరక్షణ జరుగుతోందని 1995లో క్లెక్, గెర్ట్జ్ అంచనా వేశారు. ప్రభుత్వ నేర బాధితుల సర్వే లెక్క లక్ష దరిదాపుల్లోనే ఆగుతుంది. పర్మిట్లు పెరిగితే నేరం తగ్గుతుందని 1998లో జాన్ లాట్ పుస్తకం రాశాడు. 2004లో జాతీయ పరిశోధనా మండలి ఆధారాలు ఎటూ తేలవంది. తర్వాతి అధ్యయనాల్లో ఎక్కువ భాగం హింస పెరుగుతుందన్న వైపే మొగ్గాయి. నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది వేరే లెక్క. 2023లో అమెరికాలో తుపాకీ చావులు సుమారు 46,700. అందులో 27,300 దాకా ఆత్మహత్యలే. కాలిఫోర్నియాలో రెండున్నర కోట్ల మందికి పైగా రికార్డులు పరిశీలించి 2020లో వెలువరించిన అధ్యయనంలో, పిస్తోలు ఉన్న మగవాళ్లు తుపాకీతో ప్రాణం తీసుకునే అవకాశం లేనివాళ్ల కన్నా దాదాపు ఎనిమిది రెట్లు, ఆడవాళ్లలో ముప్ఫై అయిదు రెట్లు అని తేలింది. ఒంటరితనం, వీసా ఆందోళన, అప్పు, రాత్రి షిఫ్టు కలిసిన గదిలోకి పిస్తోలు తెచ్చుకునే ముందు ఈ అంకె గుర్తుండాలి.

తుపాకీ లేకపోతే చేతులు కట్టుకుని ఉండాల్సిన పనిలేదు. పెప్పర్ స్ప్రే యాభై రాష్ట్రాల్లోనూ ఏదో ఒక షరతుతో చెల్లుతుంది. న్యూజెర్సీలో ముప్పావు ఔన్సుకు మించకూడదు, న్యూయార్క్‌లో అధీకృత దుకాణంలోనే కొనాలి. రాత్రి షిఫ్టులో ఉన్నవాడికి అన్నిటికన్నా పాత సలహా ఇప్పటికీ మంచిదే: గల్లాపెట్టెలో డబ్బు తక్కువ ఉంచు, అడిగితే ఇచ్చెయ్. అది యజమాని డబ్బు, పోయినా బీమా ఉంటుంది.

సెలవులకు ఇంటికొచ్చేవాళ్లకు ఒక మాట. రేంజ్‌కి తీసుకెళ్లిన బ్యాగునే క్యాబిన్ బ్యాగు చేసుకుంటే, అడుగున కుట్టులో ఇరుక్కున్న ఒక్క తూటా శంషాబాద్ స్కానర్‌లో కనిపిస్తుంది. మన 1959 ఆయుధ చట్టంలో లైసెన్సు లేని తూటా కూడా నేరమే. తెలిసి దగ్గర ఉంచుకున్నప్పుడే నేరమని 1972 గున్వంత్‌లాల్ కేసులో మన సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి చివరికి కేసు కొట్టేయించుకోవచ్చు. కానీ ఆ లోపు ఎఫ్‌ఐఆర్, పాస్‌పోర్టు చిక్కులు, వాయిదాలు, తిరుగు టికెట్ పోవడం అన్నీ అయిపోతాయి.

అమెరికాలో లైసెన్సున్న దుకాణంలో తుపాకీ కొనేటప్పుడు ఫారం 4473 నింపాలి. నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చారా అన్న ప్రశ్న అందులో ఉంటుంది. గంజాయి వాడతారా అన్న ప్రశ్నా ఉంటుంది, రాష్ట్రంలో అది చట్టబద్ధమైనా సరే. అబద్ధం రాస్తే అదే ఇంకో ఫెడరల్ నేరం. కౌంటర్ వెనకున్నవాడికి పిస్తోళ్ల గురించి అన్నీ తెలుసు, మీ వీసా హోదా గురించి ఏమీ తెలియదు. వీసా మీద ఉన్నవాళ్లు ఆ షాపుకెళ్లే ముందు ఇమిగ్రేషన్ లాయరును అడగండి. ఆయన వద్దంటే ఆ ఫారం ముట్టుకోకండి.